తీసిన ఫోటో ఇల్లు చేరే దారి

వైఫై మెమరీ కార్డు చూపుకు మామూలు ఎస్‌డీ కార్డే. పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24, మందం 2.1. స్లాట్‌లో పెడితే కెమెరాకూ అది మామూలు కార్డులాగే కనిపిస్తుంది. కెమెరా దానిమీద ఫోటోలు రాస్తుంది, చదువుతుంది, అడిగితే చెరిపేస్తుంది. తేడా అంతా కార్డు లోపల ఉంది. ఫోటోలు దాచే ఫ్లాష్ చిప్ పక్కనే ఒక చిన్న ప్రాసెసర్, ఒక వైఫై రేడియో, సన్నటి యాంటెనా అదే కొలతల్లో ఇమిడి ఉంటాయి. కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ రేడియో ఇంట్లోని రౌటర్‌తోనో, పక్కనున్న ఫోన్‌తోనో మాట్లాడగలదు. సొంతంగా వైఫై లేకుండా తయారైన కెమెరా కూడా దీని పుణ్యమా అని, తీసిన ఫోటోను తీగ లేకుండా కంప్యూటర్‌కు చేరవేస్తుంది. అందుకోసం కెమెరాలో ఒక్క మర కూడా విప్పనక్కర్లేదు.

2000 తర్వాతి పదేళ్లలో ఇళ్లకు చేరిన డిజిటల్ కెమెరాల్లో ఇప్పటికీ బాగా పనిచేసేవి చాలా ఉన్నాయి. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన కొడుకో కూతురో తెచ్చిపెట్టిన కెమెరాలు తెలుగు ఇళ్ల బీరువాల్లో ఈనాటికీ కనిపిస్తాయి. వాటి లెన్సులు చెడలేదు, సెన్సర్లు చెడలేదు. 2006 చివర్లో వచ్చిన నికాన్ డీ40 తీసేది 6 మెగాపిక్సెల్ ఫోటోలే అయినా, గోడకు తగిలించేంత ప్రింటు వేయించడానికి అవి చాలు. ఆ కెమెరాలను మూలన పెట్టించింది బొమ్మ నాణ్యత కాదు. ఫోన్‌తో తీసిన ఫోటో ఎవరూ అడగకుండానే ఎక్కడో ఒకచోట మరో కాపీగా చేరిపోతోంది. పాత కెమెరాతో తీసింది మాత్రం ఎవరో పూనుకుని కార్డు బయటికి తీసి, రీడర్‌లో పెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించేదాకా ఆ ఒక్క కార్డులోనే ఉండిపోతుంది.

ఫోటోలు పోవడానికి అసలు కారణం తరచుగా, తీయడానికీ ఎక్కించడానికీ మధ్య గడిచే ఈ కాలమే. కార్డు హఠాత్తుగా చెడిపోవడం ఉంది, కెమెరా దొంగలపాలు కావడమూ ఉంది. కానీ ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇంతకంటే నెమ్మదైన నష్టం. గృహప్రవేశం ఫోటోలు కార్డులో ఉంటాయి. రేపు ఎక్కిద్దామనుకుంటారు. మూడు నెలల తర్వాత నామకరణం వస్తుంది, కార్డు నిండిందని కెమెరా చెబుతుంది. అతిథులు ఎదురుగా నిలబడి ఉండగా, పాత ఫోటోలు ఎక్కడో ఉండే ఉంటాయన్న నమ్మకంతో ఎవరో కొన్ని చెరిపేస్తారు. చెరిపినవాళ్లను తప్పుపట్టలేం. తీయడానికీ దాచుకోవడానికీ మధ్య మనిషి గుర్తుంచుకుని చేయాల్సిన పని ఒకటి ఉన్నంతకాలం, అది ఏదో ఒకరోజు మరుగున పడుతుంది. వైఫై కార్డు విలువను వేగంతో కొలవకూడదు. వేగంలో కార్డు రీడరే మేలు. మనిషి మరిచిపోయిన రోజున కూడా కాపీ జరిగిపోవడంలోనే దాని విలువ ఉంది.

ఈ ఆలోచనను తొలిసారి ఇళ్లకు చేర్చింది అమెరికాలోని ఐ-ఫై సంస్థ. 2005లో మొదలై, 2007 చివర్లో 2 జీబీ కార్డును 99 డాలర్లకు మార్కెట్‌లోకి తెచ్చింది. దాన్ని ఒకసారి కంప్యూటర్‌కు తగిలించి ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ చెబితే చాలు. ఆ తర్వాత కెమెరా ఆన్ చేసి ఇంట్లో ఉంచినప్పుడల్లా కొత్త ఫోటోలు కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కో, ఎంచుకున్న ఫోటో వెబ్‌సైట్‌కో చేరిపోయేవి. తర్వాతి మోడళ్లలో కొన్ని, ఫోటో తీసిన చోట గాలిలో ఉన్న వైఫై నెట్‌వర్కులను గమనించి, వాటి ఆధారంగా ఆ స్థలం ఏదో ఫోటోకు జోడించేవి. జీపీఎస్ లేని కెమెరాకు ఊరి ఆచూకీ చెప్పిన ఆ ఏర్పాటు ఇప్పటికీ మెచ్చుకోదగ్గది. 2008లో ఫ్లోరిడాలో ఒకామె పోగొట్టుకున్న కెమెరా, దొంగలు దాన్ని వాడుతుండగా ఏదో తెరిచి ఉన్న నెట్‌వర్కు దొరికి, ఆమె ఫోటోలతోపాటు వాళ్ల ఫోటోలనూ ఆమె ఖాతాకు పంపింది. ఆ వార్తతో ఈ కార్డు పేరు చాలామందికి తెలిసింది.

2012లో తోషిబా ఫ్లాష్‌ఎయిర్ కార్డు వచ్చింది. ఫ్లాష్ మెమరీ పుట్టింది కూడా తోషిబాలోనే; 1980లలో అక్కడి ఇంజినీరు ఫుజియో మసువోకా దాన్ని రూపొందించాడు. ఎస్‌డీ ప్రమాణాలు చూసే సంఘం అదే 2012లో వైర్‌లెస్ కార్డులకూ ఒక ప్రమాణం ప్రకటించింది. ట్రాన్సెండ్, పీక్యూఐ వంటి సంస్థలూ ఇటువంటి కార్డులు తెచ్చాయి. ట్రాన్సెండ్ కార్డు లోపల నడిచేది లినక్స్ అని ఆసక్తిపరులు బయటపెట్టారు. గోరంత కార్డులో ఒక సంపూర్ణమైన కంప్యూటర్ ఉందన్నమాట.

కార్డు ఈ పని ఎలా చేస్తుందో తెలిస్తే దాని పరిమితులు తేలిగ్గా అర్థమవుతాయి. కార్డుకు సొంత బ్యాటరీ లేదు. స్లాట్‌లోని లోహపు పట్టీల గుండా కెమెరా ఇచ్చే సుమారు 3.3 వోల్టుల విద్యుత్తుతోనే చిప్, ప్రాసెసర్, రేడియో మూడూ నడవాలి. కెమెరా ఆపేస్తే రేడియో ఆ క్షణమే ఆగిపోతుంది, సగం వెళ్లిన ఫోటో సగంలోనే నిలిచిపోతుంది. పాత కెమెరాలన్నీ బ్యాటరీ ఆదా కోసం కొద్దిసేపటికి వాటంతట అవే ఆగిపోయేలా తయారయ్యాయి. లోపల కార్డు ఇంకా ఏదో పంపుతోందన్న సంగతి వాటికి తెలియదు. ఐ-ఫైతో ఒప్పందం ఉన్న కెమెరాలు మాత్రం పంపడం పూర్తయ్యేదాకా మేలుకుని ఉండేవి. అంతకుముందు వచ్చినవాటిలో ఆటో పవర్ ఆఫ్ సమయాన్ని మెనూలో పెంచుకోవాలి, లేదా పూర్తిగా తీసేయాలి. వైఫై కార్డు పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ ఒక్క సెట్టింగే.

రెండో పరిమితి ఇంతకంటే సూక్ష్మం. కార్డులో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను కెమెరా తన జ్ఞాపకంలో ఉంచుకుని నడుస్తుంది. తాను తప్ప ఆ కార్డును ఇంకెవరూ ముట్టుకోరని దాని నమ్మకం. అదే సమయంలో వైఫై వైపు నుంచి ఎవరైనా కొత్త ఫైలు రాసినా, పాతది చెరిపినా, కెమెరా దగ్గరి పట్టికకూ కార్డులోని వాస్తవానికీ పొంతన ఉండదు. తర్వాత తీసే ఫోటో మరో ఫోటో మీద పడవచ్చు, ఫోల్డర్ మొత్తమే దెబ్బతినవచ్చు. కాబట్టి బ్యాకప్ కోసం వాడేటప్పుడు వైఫై వైపు నుంచి చదవడం మాత్రమే జరగాలి. పంపడం పూర్తయిన ఫోటోలను తనంతట తానే చెరిపి చోటు చేసే సదుపాయాన్ని ఐ-ఫై ఇచ్చింది. చోటెప్పుడూ తరగదన్న హామీ వినడానికి బాగుంటుంది గానీ, దాన్ని ఆపి ఉంచడమే క్షేమం. కాపీ వెళ్లగానే మూలం మాయమైతే మిగిలేది మళ్లీ ఒక్క ప్రతే. అది చోటు మారడమే తప్ప బ్యాకప్ కాదు.

వేగం విషయానికొస్తే, ఇవి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద నడిచే కార్డులు. కెమెరా శరీరం లోపలి నుంచి పంపేటప్పుడు ఆచరణలో సెకనుకు ఒక ఎంబీ దక్కినా సంతోషించాల్సిందే. 6 మెగాపిక్సెల్ కెమెరా తీసే జేపెగ్ ఫోటో సుమారు 3 ఎంబీ ఉంటుంది. ఆ లెక్కన 200 ఫోటోలకు పది నిమిషాలు. సెన్సర్ ఇచ్చినట్టే దాచే రా ఫైళ్లకు ఎక్కువ పడుతుంది. కొన్ని కార్డులు వాటిని అసలు పంపవు. రాత్రి భోజనాల వేళ కెమెరాను రౌటర్ దగ్గర ఆన్ చేసి వదిలేసే ఇంట్లో ఈ నెమ్మది ఎవరినీ బాధించదు. నిండు బ్యాటరీ పెట్టడం మాత్రం మరవకూడదు, రేడియో దాన్ని బాగానే తింటుంది.

ఈ విషయంలో పాత కెమెరాలకు ఒక సుగుణం ఉంది. 1998లో జపాన్ పరిశ్రమ సంఘం ఒకటి కెమెరాలు ఫోటోలను ఏ పేరుగల ఫోల్డర్లలో, ఏ పద్ధతిలో దాచాలో నిర్ణయించింది. కార్డు తెరిస్తే కనిపించే డీసీఐఎం ఫోల్డర్ ఆ నిర్ణయం ఫలితమే. దాదాపు అన్ని కంపెనీలూ దాన్ని పాటించాయి. వైఫై కార్డు తయారుచేసినవాళ్లకు ఒక్కో కెమెరా లోపలి రహస్యం తెలియనక్కర్లేదు. ఆ ఫోల్డర్‌లో కొత్తగా ఏం వచ్చిందో చూస్తే సరిపోతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేని, ఎవరి సర్వర్ మీదా ఆధారపడని ఈ ఒప్పందం వల్లే 2006 నాటి కెమెరా తర్వాతెప్పుడో పుట్టిన కార్డుతో కలిసి పనిచేయగలుగుతోంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఐ-ఫై ఎక్స్2 కార్డుల కథ. ఆ కార్డులు ఏ నెట్‌వర్కులో చేరాలో, ఫోటోలు ఎక్కడికి పంపాలో మార్చాలంటే సంస్థ సర్వర్ల ద్వారానే మార్చాల్సి వచ్చేది. 2016 వేసవిలో ఆ సంస్థ ఎక్స్2నూ అంతకు పాతవాటినీ సెప్టెంబర్ 16తో విరమిస్తున్నట్లు ప్రకటించింది. దాని క్లౌడ్ సేవ ఆ ఏడాదే రికో చేతికి వెళ్లింది. కార్డుల్లోని చిప్‌లు బాగున్నాయి, రేడియోలు బాగున్నాయి, కెమెరాలూ బాగున్నాయి. అయినా ఇంటి రౌటర్ మార్చినవాళ్లకు, కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లకు ఆ సర్వర్ల గుండా కార్డుకు మళ్లీ దారి చూపే మార్గం మూసుకుపోయింది. వాడేవాళ్ల కోపం న్యాయమైనది. సొంత డబ్బుతో కొన్న వస్తువు, సొంత ఇంట్లోనే, తన కెమెరా నుంచి తన కంప్యూటర్‌కు ఫోటో పంపడానికి దూరాన ఉన్న ఒక కంపెనీ ఆయుష్షు మీద ఆధారపడి ఉండాల్సిన పని లేదు. కార్డు మాట్లాడే భాషను విడదీసి చదివిన కొందరు ప్రోగ్రామర్లు, ఇంటి కంప్యూటర్‌లోనే ఫోటోలు అందుకునే ప్రోగ్రాములను అంతకుముందే రాసి అందరికీ పంచారు. ఎంతోమంది కార్డులను చెత్తబుట్ట నుంచి కాపాడింది అలాంటి పనే.

పాత కెమెరా కోసం ఇప్పుడు వైఫై కార్డు వెతికేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న దీంట్లోంచే వస్తుంది: తయారుచేసిన సంస్థ రేపు లేకపోయినా ఈ కార్డు పనిచేస్తుందా? ఫ్లాష్‌ఎయిర్ విషయంలో జవాబు చాలావరకు అవును. దాని సెట్టింగులన్నీ కార్డులోనే, దాచి ఉంచిన ఒక ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలుగా ఉంటాయి. మామూలు కార్డు రీడర్‌తో తెరిచి, మామూలు ఎడిటర్‌తో మార్చుకోవచ్చు. మొదట్లో అది తానే ఒక వైఫై నెట్‌వర్కుగా నిలబడుతుంది; ఫోన్‌ను దానికి కలిపి బ్రౌజర్ తెరిస్తే ఫోటోల జాబితా వస్తుంది. అయితే ఆ నెట్‌వర్కులో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఈనాటి ఫోన్లు దాన్ని వదిలి మొబైల్ డేటాకు దూకేస్తుంటాయి. పైగా ప్రతిసారీ మనిషి ఫోన్ పట్టుకుని కూర్చోవాలంటే మరిచిపోవడమనే పాత సమస్య తిరిగి మొదటికొస్తుంది.

బ్యాకప్‌కు పనికొచ్చేది రెండో పద్ధతి. కాన్ఫిగ్ ఫైలులో ఒక అంకె మార్చి, ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ రాస్తే కార్డు ఇంటి రౌటర్‌లో ఇంకొక పరికరంగా చేరుతుంది. ఇంట్లో ఎప్పుడూ నడిచే కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాము కొద్ది నిమిషాలకోసారి కార్డు పలుకుతోందేమో చూసి, పలికితే జాబితా అడిగి, తన దగ్గర లేని ఫోటోలను మాత్రం తెచ్చుకుంటుంది. అడగడం, తెచ్చుకోవడం రెండూ వెబ్ పేజీ తెరిచినంత తేలికైన పద్ధతిలోనే జరుగుతాయి కాబట్టి ప్రోగ్రామింగ్ కొంచెం తెలిసినవాళ్లు అలాంటిది ఒక సాయంత్రంలో రాసుకోగలరు. డబ్ల్యూ-03 మోడల్ నుంచి కార్డు లోపలే లువా భాషలో స్క్రిప్టు నడిపే వీలు కూడా ఉంది. అంటే కంప్యూటర్ అడిగేదాకా ఆగకుండా కార్డే చొరవ తీసుకుని పంపవచ్చు. ఊరుకున్న కాసేపటికి రేడియో ఆగిపోయే గడువునూ కాన్ఫిగ్ ఫైలులోనే పెంచుకోవాలి.

భద్రత సంగతి ఇక్కడే చూసుకోవాలి. ఫ్లాష్‌ఎయిర్ పెట్టెలోంచి తీసినప్పుడు దాని పాస్‌వర్డ్ 12345678. దాన్ని మార్చకుండా కెమెరాను పెళ్లి మంటపానికి తీసుకెళ్తే, ఆ పాస్‌వర్డ్ తెలిసినవారెవరైనా కార్డులోని ఫోటోలన్నీ చూడగలరు. కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ3 మాత్రమే ఉంచినా, 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉంచినా పాత కార్డులకు ఆ నెట్‌వర్కు అందదు. వాటికోసం 2.4 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యూపీఏ2తో ఒక గెస్ట్ నెట్‌వర్కు తెరవడం మంచి ఉపాయం. అయితే ఫోటోలు తెచ్చుకునే కంప్యూటర్‌కు ఆ గెస్ట్ నెట్‌వర్కులోని కార్డు కనిపించేలా రౌటర్‌లో అనుమతి ఉండాలి.

అన్ని పాత కెమెరాలకూ ఈ కార్డు పట్టదు. తొలి ఎస్‌డీ కార్డుల హద్దు 2 జీబీ. 4 నుంచి 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ 2006లో వచ్చింది. ఫ్లాష్‌ఎయిర్ కార్డులు కనీసం ఎస్‌డీహెచ్‌సీ రకం కాబట్టి 2006కు ముందరి కెమెరాల్లో చాలావాటికి అవి కార్డులుగా కూడా కనిపించవు. కొన్నిటికి మాత్రం తయారీదారులు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో ఆ సామర్థ్యం ఇచ్చారు. 2 జీబీ ఉన్న మొదటితరం ఐ-ఫై కార్డుకు ఈ చిక్కు లేదు, కానీ ముందు చెప్పిన సర్వర్ల చిక్కు దానికుంది. సోనీ మెమరీ స్టిక్, ఒలింపస్, ఫూజీ వాడిన ఎక్స్‌డీ కార్డు కెమెరాలను ఈ లెక్కలోంచి తీసేయడమే మేలు. నికాన్ డీ70, కేనన్ 5డీ వంటివి వాడే కాంపాక్ట్‌ఫ్లాష్ స్లాట్‌కు ఎస్‌డీ కార్డును అమర్చే అడాప్టర్లు దొరుకుతాయి. అయితే అడాప్టర్ పైరేకు, కేనన్ 5డీ లాంటివాటి మెగ్నీషియం శరీరం కలిసి సిగ్నల్‌ను బాగా నొక్కేస్తాయి. ప్లాస్టిక్ తలుపున్న చిన్న కెమెరాలో గది దాటి అందే సిగ్నల్ అలాంటివాటిలో బల్ల దాటకపోవచ్చు.

కాపీ అయిన ఫోటోలు చేరే చోట రెండు గండాలు ఉన్నాయి. రెండింటికీ మూలం కెమెరా పాత అలవాట్లే. ముందు చెప్పిన డీసీఐఎం ఫోల్డర్ ఒప్పందం ప్రకారం ఫోటో పేరు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. 9999 తర్వాత లెక్క మళ్లీ 0001కి వస్తుంది. కొన్ని కెమెరాల్లో కార్డు ఫార్మాట్ చేసినా మొదటికొస్తుంది. ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసే ప్రోగ్రాము పేరు చూసి, ఇది మన దగ్గర ఉందిలే అనుకుని కొత్త ఫోటోను వదిలేయవచ్చు. అంతకంటే ఘోరంగా, పాతదాని మీద కొత్తదాన్ని రాసేయవచ్చు. ఆరేళ్ల క్రితపు అమ్మమ్మ ఫోటో మీద నిన్నటి వీధి ఫోటో కూర్చుంటే, కూర్చున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. అందువల్ల కాపీ చేసేటప్పుడే పేరుకు ముందు తేదీ, సమయం చేర్చాలి; పేరుతోపాటు ఫైలు పరిమాణాన్నీ పోల్చాలి. ఉన్నదాని మీద రాయడం ఏ పరిస్థితిలోనూ జరగకుండా చూడాలి.

ఆ తేదీతోనే రెండో గండం. పాత కెమెరాలో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది. పెద్ద బ్యాటరీ తీసి కొన్నాళ్లు పక్కన పెడితే తేదీ తయారైన కాలానికి వెళ్లిపోతుంది. ఈ సంక్రాంతికి తీసిన ఫోటోలు ఎప్పటిదో జనవరి 1 ఫోల్డర్‌లో చేరతాయి. కెమెరా చేతికి తీసుకోగానే గడియారం చూడటం అలవాటు చేసుకోవాలి. కాపీ ప్రోగ్రాము కూడా ఫోటో తేదీతోపాటు తాను అందుకున్న తేదీని వేరుగా రాసిపెడితే, తర్వాత సరిదిద్దడానికి ఆధారం ఉంటుంది.

ఇంటి కంప్యూటర్‌కు చేరడంతో పని సగమే అయింది. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం చెప్పేదేమంటే, మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా. వైఫై కార్డు మొదటి అంకెను రెండుకు చేరుస్తుంది. కంప్యూటర్ నుంచి హార్డ్ డిస్క్‌కు వెళ్లేది మూడోది. ఆ డిస్క్‌ను మరో ఊరిలో ఉన్న అక్కయ్య ఇంట్లో ఉంచినా, దాని బదులు మూడో ప్రతిని క్లౌడ్‌లో ఉంచినా సూత్రం నెరవేరుతుంది. ఫార్మాట్ చేస్తే కార్డులోని ప్రతి పోతుంది కాబట్టి, కార్డును లెక్కించకుండానే మూడు ప్రతులు సిద్ధమయ్యాక, ప్రతుల్లోంచి కొన్ని ఫోటోలు నిజంగా తెరిచి చూసిన తర్వాతే కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. కార్డునే భద్రమైన చోటుగా ఎంచకూడదు. ఫ్లాష్ చిప్‌లో ఫోటో అంటే అతి సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుదావేశం. ఏళ్లు గడిస్తే అది కొద్దికొద్దిగా జారిపోతుంది, వేడిలో మరింత త్వరగా. మే నెల విజయవాడ ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన కార్డుకు ఇది మాటవరసకు చెప్పే ప్రమాదం కాదు.

కెమెరాలు సొంతంగా వైఫై తెచ్చుకున్నాక ఈ కార్డుల తయారీకి గిరాకీ తగ్గింది. ఫ్లాష్‌ఎయిర్ కూడా ఆగిపోయింది. తోషిబా మెమరీ విభాగం 2019లో కియాక్సియాగా పేరు మార్చుకుంది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పాత నిల్వలు, ఒకరు వాడి అమ్మినవి. వాడిన కార్డు కొనేటప్పుడు పూర్తిగా నింపి, చదివి, సరిచూసుకోవాలి. చెలామణిలో ఉన్న నకిలీల్లో రాసిన సామర్థ్యం ఒకటి, ఉన్నది మరొకటి. పనిచేస్తున్న కాన్ఫిగ్ ఫైలును, ఫోన్ యాప్‌తో పనిలేకుండా కార్డును పలికించే చిన్న ప్రోగ్రామును ఫోటోల ప్రతుల పక్కనే దాచుకోవాలి, ఎందుకంటే రేపు రౌటర్ మారినప్పుడు వాటిని ఇవ్వగల సంస్థ అక్కడ ఉండకపోవచ్చు. కార్డును ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ ఫైలు కార్డులో మిగలకూడదు. ఫోటోలు చెరిపినా ఇంటి వైఫై వివరాలు దాచిన ఫోల్డర్‌లో ఉండిపోతాయి కాబట్టి, సెట్టింగులను తొలిస్థితికి తెచ్చి ఇవ్వాలి.